నీళ్ళలో గేదె, రంగులో సైకిలు

“సైకిలే గద సారూ! లారీ కొంటున్నట్టు జూస్తున్నరేంది?”

గద్వాలలో పాత సైకిళ్ళమ్మే ఒక దుకాణంలో, నేను ఒక సైకిలు ముందు చక్రాన్ని పైకెత్తి తిప్పి చూస్తూండగా, ఆ దుకాణదారు నవ్వుతూ అన్న మాట ఇది. అక్కడున్న నలుగురూ ఆయనతో పాటు నవ్వారు. నాతో వచ్చినామె మాత్రం నవ్వలేదు. తలవంచుకొని, “పోనీ తీయన్నా, అంతగనం జూస్తే ఏమనుకుంటరో” అంది మెల్లగా.

ఆమె మా కాలనీలో కుట్టుమిషను మీద బతుకుతున్న మనిషి. కూతురు ఈ ఏడు ఎనిమిదో తరగతికి వచ్చింది. ఊరి చివరనున్న మా కాలనీ నుంచి పిల్ల చదివే బడికి రానూపోనూ ఏడెనిమిది కిలోమీటర్లుంటుంది. అందులో కొంత దారి రాయచూరు రోడ్డు మీదుగా. పత్తి లారీలూ, ట్రాక్టర్లూ, నిండుగా జనాన్నెక్కించుకున్న ఆటోలూ తిరిగే దారి. రెండు నెలలు కూడబెట్టిన రెండువేల రెండువందల రూపాయలు కొంగున ముడివేసుకొని, “సైకిళ్ళ సంగతి నీకెరుకంట గదా అన్నా, జెర వచ్చి చూడు” అని నన్ను పిలుచుకు వెళ్ళింది.

చూపించిన సైకిలు చూడముచ్చటగా ఉంది. కొత్తగా వేసిన నీలిరంగు, ముందు బుట్ట, హ్యాండిలుకు కుచ్చులు. నేను దాన్ని కొననివ్వలేదు. ఎందుకో ముందుకు పోయాక చెబుతాను. అంతకంటే ముందు ఆ దుకాణదారు మాట సంగతి తేల్చుకోవాలి. నా పేచీ ఆయనతో కాదు, ఆ మాటతో.

నాకిది కొత్త మాట కాదు. నేను పుట్టి పెరిగింది వనపర్తి ప్రాంతంలో, పెబ్బేరు దగ్గరి ఒక పల్లెలో. ఉద్యోగరీత్యా పదకొండేళ్ళు ఉన్నది నాగర్‌కర్నూలులో. ఇప్పటి కాపురం గద్వాల. 2016 అక్టోబరులో పాత మహబూబ్‌నగర్ జిల్లా ముక్కలై ఈ మూడు ఊళ్ళూ మూడు జిల్లాలకు కేంద్రాలయ్యాయి. జిల్లాలు వేరైనా “సైకిలే గదా” అన్న మాట మాత్రం మూడుచోట్లా ఒక్కతీరుగానే వినిపిస్తుంది. కొనేవాడూ అంటాడు, అమ్మేవాడూ అంటాడు, బాగుచేసేవాడూ అంటాడు. ఆ మాట అనుకొని మనం చూడకుండా వదిలేసేది ఒక పిల్లో పిల్లవాడో రోజూ ప్రాణం పెట్టి ఎక్కే వాహనాన్ని.

నీళ్ళలో గేదెను పెట్టి బేరమాడినట్టు అని మనకొక సామెత ఉంది. నీళ్ళలో మునిగిన గేదెకు కుంటికాలున్నదో, ఎండిన పొదుగున్నదో ఎవరికి తెలుస్తుంది? పైకి కనబడే కొమ్ములను చూసి ధర కట్టే తెలివితక్కువతనం మీద మన పెద్దలు వేసిన ఎకసెక్కం అది. పాత సైకిలుకు ఆ చెరువు నీళ్ళ పని చేసేది రంగు డబ్బా. రంగు కింద ఏమున్నదో చూడనివ్వమంటే లారీ కొంటున్నావా అని నవ్వు!

ఇక్కడ మా ఇంటి సంగతొకటి చెప్పాలి.

మా నాయన ఎడ్ల బేరగాళ్ళలో పేరున్న రైతు. పెబ్బేరు పశువుల సంత ఎరిగినవారికి నేను చెప్పనక్కరలేదు. ఎద్దును కొనేముందు నాయన దాని చుట్టూ ఎన్ని ప్రదక్షిణలు చేసేవాడో లెక్కలేదు. నోరు తెరిపించి పళ్ళు లెక్కపెట్టేవాడు. సుళ్ళు చూసేవాడు. గిట్టలు ఎత్తి చూసేవాడు. ఎండలో నడిపించి, నీడలో నిలబెట్టి, కాడి కింద మెడ పెట్టించి, దున్నిన నేలలో నాలుగడుగులు వేయించి, ఆ తరువాతే తువ్వాలు కింద చేయి పెట్టి వేళ్ళతో బేరం మొదలుపెట్టేవాడు. ఒక్కోసారి పొద్దున మొదలైన బేరం పొద్దు వాలేదాకా సాగేది. అమ్మేవాడు ఏనాడూ “ఎద్దే గదా” అనలేదు. అంతసేపు చూడకుండా కొనే రైతును చూస్తే అమ్మేవాడికే చులకన.

అదే నాయన మా అన్న పదో తరగతిలో ఉండగా, హైస్కూలుకు పోవడానికని ఒక పాత సైకిలును అయిదు నిమిషాల్లో కొనుక్కొచ్చాడు. నల్లరంగు మెరుస్తూ ఉంది. బెల్లు గణగణ మోగింది. గాలి కొట్టి, వీధి చివరిదాకా తొక్కి చూశాడు. ఇంటిల్లిపాదికీ పండుగ. నేను దాని వెనుక పరుగెత్తాను.

నాలుగో నెలలో, చెరువుకట్ట దిగే వాలులో ఆ సైకిలు ఫోర్కు పుటుక్కున విరిగింది. ముందుచక్రం ఒకవైపు, అన్న ఒకవైపు. కింది దవడ రెండుచోట్ల చిట్లింది, ముందుపళ్ళు నాలుగు పోయాయి. కర్నూలు ఆస్పత్రిలో దవడకు తీగ కట్టి, నోరు తెరవకుండా వారాల తరబడి ఉంచారు. ఆ సంవత్సరం పరీక్ష పోయింది. మరుసటేడు రాస్తాడనుకున్నాం. వైద్యానికి తెచ్చిన అప్పు తీరాలి కదా, మరుసటేడు వాడు పాలమూరు కూలీల గుంపుతో వలస పోయాడు.

విరిగిన ఫోర్కును మా ఊరి కమ్మరి చూసి చెప్పాడు: అది ఆ రోజు విరిగింది కాదు. ఎప్పుడో సగం చిట్లితే పైపైన అతుకు పెట్టి రంగు వేశారు. విరిగినచోట సగభాగం తుప్పుతో నల్లగా, సగభాగం కొత్తగా తెల్లగా ఉంది. నల్లటి సగం పాత చిట్లు, తెల్లటి సగం ఆనాటి విరుపు. నాయన ఆ ముక్కను చాలాకాలం దూలం మీద పెట్టుకున్నాడు. ఒకసారి దాన్ని చేతిలోకి తీసుకొని, “ఎద్దును జూసినంతసేపు దీన్ని జూడకపోతిని” అన్నాడు. ఆయన అంతకంటే ఎక్కువ ఎన్నడూ మాట్లాడలేదు దాని గురించి.

మా నాయన తెలివితక్కువవాడు కాడు. పరీక్షించడం ఎరగనివాడు అసలే కాడు. మరి ఎందుకు చూడలేదు? ఎద్దు కుంటిదైతే సేద్యం పోతుందని తెలుసు గనుక ఎద్దును చూశాడు. సైకిలు కుంటిదైతే కొడుకు చదువు పోతుందని ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఊరంతా “సైకిలే గదా” అంటూంటే ఆయనా అదే అనుకున్నాడు.

నా ఆరోపణ ఇది. “సైకిలే కదా” అనే మాట సైకిలు గురించి చెప్పేది కాదు. సైకిలెక్కేవాడి గురించి మనం లోలోపల కట్టుకున్న ఖరీదు అది. కావాలంటే ఈ పోలిక చూడండి. ఏటా బడులు తెరిచేముందు రవాణా శాఖ బడి బస్సులకు సామర్థ్య పరీక్షలు జరుపుతుంది. బ్రేకులు, టైర్లు, అద్దాలు, అత్యవసర ద్వారం అన్నీ చూస్తుంది. పత్రం లేని బస్సును పట్టుకుంటే పత్రికల్లో ఫొటోతో సహా వేస్తారు. చాలా మంచిది, అలాగే ఉండాలి. అదే ఉదయం, అదే రోడ్డు మీద, ఆ బస్సు పక్కనే సైకిలు తొక్కుతూ పోయే పిల్ల బ్రేకు పట్టుతుందా అని అడిగే మానవుడు ఈ మూడు జిల్లాల్లో ఒక్కడున్నాడా? బస్సు రుసుము కట్టగలిగిన ఇంటి పిల్లకు ఒక నీతి, కట్టలేని ఇంటి పిల్లకు ఇంకొక నీతి!

చట్టం సంగతీ ఇంతే. 1988 నాటి మోటారు వాహనాల చట్టం మోటారు లేని సైకిలును పట్టించుకోదు. కనుక దానికి రిజిస్ట్రేషను లేదు, బీమా లేదు, సామర్థ్య పత్రం లేదు. ఒకప్పుడు దేశంలో చాలాచోట్ల మునిసిపాలిటీలు సైకిలుకు పన్ను కట్టించుకొని ఒక బిళ్ళ ఇచ్చేవి. ఆ బిళ్ళ డబ్బు కట్టారని చెప్పేదే కానీ బ్రేకు పట్టుతుందని చెప్పేది కాదు. కొత్త సైకిళ్ళ భద్రతకు భారత ప్రమాణాల సంస్థ ఐఎస్ 10613 అనే ప్రమాణాన్ని రూపొందించింది. రాత్రిపూట వెలుగు పడితే మెరిసే ప్రతిఫలకాల నాణ్యత మీద కేంద్రం 2020లో ఒక ఉత్తర్వు కూడా తెచ్చింది. ఇవన్నీ కర్మాగారం నుంచి వచ్చే కొత్త బండ్ల కోసం. మూడు చేతులు మారి, రెండుసార్లు రంగు పూసుకొని పేదవాడి ఇంటికొచ్చే సైకిలు దగ్గరికి వచ్చేసరికి ప్రమాణమూ లేదు, ఉత్తర్వూ లేదు.

ఇక మిగిలింది 1930 నాటి వస్తు విక్రయ చట్టం. దాని 16వ సెక్షను సారాంశం, కొనేవాడే చూసుకొని కొనుక్కోవాలన్నది. చూసుకున్నాక, చూస్తే కనబడి ఉండవలసిన లోపం గురించి తరువాత మొరపెట్టుకోవడానికి వీల్లేదు. అదే సెక్షనులో ఒక మినహాయింపు ఉంది. సరుకు ఎందుకు కావాలో వ్యాపారికి చెప్పి, అతని నేర్పును నమ్మి కొంటే, ఆ పనికి అది తగినదై ఉండాలన్న బాధ్యత కొంత అతని మీద పడుతుంది. కాబట్టి దుకాణంలో కొనేటప్పుడు “పిల్ల రోజూ రోడ్డు మీద బడికి తొక్కడానికి కావాలి” అని నోరు తెరిచి చెప్పండి, చీటీ రాయించుకోండి. ఇంటి పక్కవాడి దగ్గర కొంటే ఆ మాత్రం ఆధారం కూడా లేదు. చట్టమే కొనేవాణ్ణి చూసుకొమ్మంటూంటే, చూసేవాణ్ణి చూసి నవ్వడం ఏ న్యాయం?

ఈ మాట నేను నలుగురిలో అన్నప్పుడల్లా కొన్ని జవాబులు వస్తాయి. ఒక్కొక్కదాన్నీ తీసుకుంటాను.

“అంతగా చూస్తే అమ్మేవాణ్ణి అనుమానించినట్టు కాదా?” కాదు. సంతలో ఎద్దు పళ్ళు చూడటం అనుమానమైతే మన తాతలందరూ అనుమానపు పక్షులే. మర్యాదకూ పరీక్షకూ వైరం లేదు. నిజాయితీగల అమ్మకందారుకు పరీక్ష వల్ల ధర పెరుగుతుందే కానీ తగ్గదు. “నా మీద నమ్మకం లేదా” అన్న ప్రశ్న, నేను చూసినంతలో, చూపించడానికి ఏమీ లేనివాడి నోటనే ముందుగా వస్తుంది.

“రెండువేల వస్తువుకు అంత హంగామానా?” రెండువేలు ఎవరికి? ఆ కుట్టుమిషను ఆమెకు అవి రెండు నెలల మిగులు. కారు కొనేవాడికి లక్ష ఎంతో ఆమెకు ఆ రెండువేలు అంతకంటే ఎక్కువ. పైగా వస్తువు ధర ఎంత తక్కువైనా దాని మీద కూర్చునే మనిషి ధర తగ్గదు కదా.

“చంపేది లారీ, సైకిలు కాదు.” ఈ జవాబులో కొంత నిజముంది, ఒప్పుకుంటాను. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది పోయారని కేంద్ర రవాణా శాఖ లెక్క. అందులో సైకిలు మీద వెళ్తూ పోయినవారు నాలుగువేలకు పైమాటే. పెద్ద వాహనాల వేగాన్ని అదుపు చేయకుండా సైకిళ్ళను మాత్రం సరిచేస్తే చాలునని నేననను. అయితే ఆ లారీ ముందు ఆగగలిగేదీ, పక్కకు తప్పుకోగలిగేదీ సైకిలు మంచిదైతేనే. చీకటిలో లారీ డ్రైవరుకు కనబడేది వెనుక ఎర్ర ప్రతిఫలకముంటేనే. లారీ మన చేతిలో లేదు గనుక బ్రేకునూ వదిలేద్దామనడం, వాన మన చేతిలో లేదు గనుక ఇంటికప్పు వద్దన్నట్టుంటుంది. మా అన్న దవడ చిట్లినరోజు ఆ చెరువుకట్ట మీద లారీ లేదన్న సంగతి కూడా మనవి చేసుకుంటున్నాను.

“మా కాలంలో ఇవన్నీ చూశామా, బతకలేదా?” బతికినవాళ్ళే ఈ మాట అనగలరు. అననివాళ్ళ పక్షాన కూడా ఒకరు మాట్లాడాలి. అసలు సైకిలు చరిత్రే వేరు. మొదట్లో ముందుచక్రం మనిషి ఎత్తుకు దగ్గరగా ఉండే సైకిళ్ళుండేవి. చిన్న రాయి అడ్డుపడితే తొక్కేవాడు తలకిందులుగా పడేవాడు. 1885లో ఇంగ్లండులో జాన్ కెంప్ స్టార్లీ రెండు చక్రాలూ దాదాపు సమానంగా, గొలుసుతో వెనుకచక్రం తిరిగేలా చేసిన బండికి ‘రోవర్ సేఫ్టీ’ అని పేరు పెట్టాడు. ఈనాటి మన సైకిళ్ళన్నీ దాని సంతానమే. అంటే భద్రత సైకిలుకు మనం ఇప్పుడు తగిలించే తోక కాదు, అది దాని ఇంటిపేరు.

“అయితే కొత్తదే కొనుక్కోవచ్చుగా?” ఈ సలహా ఇచ్చేవారికి దండం. కొనగలిగితే కొంటారు. నేను పాత సైకిలుకు విరోధిని కాను. ఇనుప సైకిలుకు సరిగా చేయి పడితే మనిషికంటే ఎక్కువకాలం బతుకుతుంది. ప్రతి భాగమూ విప్పవచ్చు, మార్చవచ్చు. అజాగ్రత్తగా బిగించిన కొత్తదానికంటే, తెలిసినవాడు విప్పి బిగించిన పాతది వెయ్యిరెట్లు మేలు. 2006లో బీహారులో తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు సైకిళ్ళకని డబ్బు ఇస్తే, హైస్కూలులో చేరే ఆడపిల్లల సంఖ్య సుమారు 30 శాతం పెరిగిందని కార్తీక్ మురళీధరన్, నిశీథ్ ప్రకాశ్ అనే ఆర్థికవేత్తలు లెక్కతేల్చారు. సర్కారు ఇవ్వనిచోట ఆ పని చేస్తున్నది పాత సైకిళ్ళ దుకాణమే. అందుకే ఆ దుకాణం బాగుండాలని నా తాపత్రయం.

సరే, చూడమంటున్నావు, ఏం చూడాలి అంటారా? నాగర్‌కర్నూలులో ఉన్న రోజుల్లో నా సైకిలు బాగుచేసే ఒక చాచా నాకు ఈ విద్య నేర్పాడు. “మూడే సారూ: ఆపేటివి, తిరిగేటివి, మోసేటివి. రంగు సంగతి ఇడిసిపెట్టు” అనేవాడు. ఆ వరుసలోనే చెబుతాను. పట్టే సమయం పది పదిహేను నిమిషాలు.

మొదట ఆపేవి. రెండు బ్రేకులనూ విడివిడిగా చూడాలి. పూర్తిగా నొక్కినా బ్రేకు పిడి హ్యాండిలుకు తగలకూడదు. ముందు బ్రేకు నొక్కి సైకిలును ముందుకు తోస్తే చక్రం తిరగకూడదు. వెనుక బ్రేకు నొక్కి తోస్తే చక్రం ఈడ్చుకుపోవాలే తప్ప దొర్లకూడదు. బ్రేకు రబ్బర్లు రిమ్ముకు తగలాలి, టైరుకు కాదు. రబ్బరు అరిగి లోపలి ఇనుము రిమ్మును గీస్తుంటే వెంటనే తెలుస్తుంది. తీగ బ్రేకులైతే తీగ చివర పోగులు లేచాయేమో, కడ్డీ బ్రేకులైతే కీళ్ళ దగ్గర బోల్టులు వదులయ్యాయేమో చూడాలి. చివరగా ఒక చెంబెడు నీళ్ళు అడిగి రిమ్ము మీద పోసి మళ్ళీ బ్రేకు పట్టి చూడాలి. మెరుగు పెట్టిన ఇనుప రిమ్ము తడిస్తే బ్రేకు పట్టు చాలా తగ్గిపోతుంది. బడులు తెరిచేది వానాకాలంలోనే కదా.

రెండోవి తిరిగేవి. చక్రాన్ని పైకెత్తి తిప్పి, రిమ్ముకూ బ్రేకు రబ్బరుకూ మధ్య సందును చూస్తే వంకర ఉందో లేదో తెలిసిపోతుంది. చక్రాన్ని పట్టి అటూ ఇటూ పక్కలకు ఊపండి. టకటకమంటే ఇరుసులో గోళీలో కప్పులో అరిగాయన్నమాట. పుల్లలను రెండేసి కలిపి వేళ్ళతో నొక్కండి. అన్నీ ఇంచుమించు ఒకే బిగువున ఉండాలి. టైరు పక్కల్లో పగుళ్ళుంటే, లోపలి దారాలు కనబడుతుంటే, అది ఈ ఎండలకు ఎక్కువకాలం ఆగదు. గొలుసు సంగతి తేల్చడానికి పిల్లల 12 అంగుళాల స్కేలు చాలు. కొత్త గొలుసులో 24 లంకెలు సరిగ్గా 12 అంగుళాలు. ఎనిమిదో వంతు అంగుళం సాగిందంటే దాని పని అయిపోయినట్టే. సాగిన గొలుసు తొక్కేటప్పుడు పళ్ళమీద జారుతుంది, దానితో కాలూ జారుతుంది. పెడళ్ళ చేతులను పట్టి ఊపి, కాటరు పిన్ను వదులైందేమో కూడా చూడండి.

మూడోవి మోసేవి. అన్నిటికంటే ముఖ్యమైనవీ, ఎవరూ చూడనివీ ఇవే. సైకిలును పక్కనుంచి చూడండి. హ్యాండిలు దిగే మెడగొట్టమూ, దాని కింద ఫోర్కు కాళ్ళ పైభాగమూ ఒకే గీతలో సాగాలి. ఫోర్కు వెనక్కి వాలి ఉంటే ఆ బండి ఎప్పుడో దేన్నో గుద్దుకున్నదే. ముందునుంచి చూస్తే రెండు చక్రాలూ ఒకే వరుసలో ఉండాలి. తరువాత మెడగొట్టానికి వెనుక, కిందికి దిగే గొట్టం అడుగున వేలితో తడమండి. అక్కడ రంగు ముడతపడినా, ఉబ్బినా, వెంట్రుకంత గీత కనబడినా అది ఢీకొన్న గుర్తు. ఫోర్కు పైభాగం కాళ్ళతో కలిసేచోటు, పెడళ్ళ ఇరుసు చుట్టూ, వెనుక చక్రం బిగించేచోటు వెలుతురులో చూడండి. అతుకుల మీద మందంగా కొత్తరంగు ఉంటే గీకి చూపించమనండి. ముందు బ్రేకు పట్టి బండిని ముందుకూ వెనక్కూ ఊపితే మెడలో టక్కుమనకూడదు. అనుమానముంటే ఫోర్కు విప్పించాలి. కూలి ఎంతైనా దవడ వైద్యం కంటే తక్కువే.

ఇవి కాక రెండు మాటలు. సీటు దించాక పిల్ల దిగి నిలబడితే రెండు పాదాలూ పూర్తిగా నేలకానాలి. ‘ఎదుగుతుందిలే’ అని పెద్ద సైకిలు కొనకండి. చట్రం మీద కొట్టిన నంబరును ఆకురాయితో గీకేసి ఉంటే బేరమాడక వెనక్కి తిరగండి.

చాచా ఇంకొక మాట అనేవాడు: “ఇప్పి చూపెట్టుమని అడుగు సారూ. అప్పుడు బండిని జూడకు, అమ్మేటోని మొఖం జూడు.” పది నిమిషాలు చూడనివ్వని చోట, తొక్కి చూడనివ్వని చోట, మిగతా పరీక్షలేవీ అక్కరలేదు.

ఇదంతా కొనేవాడి నెత్తినే వేయడం న్యాయం కాదని నాకూ తెలుసు. చదువురాని తల్లి గొలుసు లంకెలు లెక్కపెట్టలేదు. నెదర్లాండ్స్‌లో బడిపిల్లలు పదకొండు పన్నెండేళ్ళ వయసులో సైకిలు మీద రోడ్డు పరీక్ష రాస్తారు. దానికి ముందు వాళ్ళ సైకిళ్ళను తనిఖీ చేసే ఆనవాయితీ ఉంది. జపానులో అర్హత పొందిన సైకిలు మెకానిక్కు బండిని పరీక్షించి ‘టీఎస్’ గుర్తు అంటిస్తే, దానితోపాటు ఏడాది బీమా వస్తుంది. అవి ధనిక దేశాలు, మనకెందుకు అనకండి. తనిఖీకి కావలసింది ధనం కాదు, ఒక స్పానరు, ఒక స్కేలు, ఒక చెంబెడు నీళ్ళు. వనపర్తి రాజుల భవనంలో పాలిటెక్నిక్ పెట్టుకున్న గడ్డ ఇది. ఆ పాలిటెక్నిక్ పిల్లలో, ఐటీఐ పిల్లలో ఏడాదికి రెండు రోజులు, జూన్‌లో ఒకటి, సంక్రాంతి సెలవుల తరువాత ఒకటి, హైస్కూళ్ళకు వెళ్ళి సైకిళ్ళు చూడలేరా? బడిలో వ్యాయామోపాధ్యాయుడు ప్రార్థన తరువాత “బ్రేకు నొక్కండి” అని ఒక్కమాట అనలేడా? సైకిలు మెకానిక్కులు, విరిగిన ఫోర్కుకు అతుకు పెట్టమని వచ్చినవాడికి “ఇది నేను చేయను” అని చెప్పలేరా? మా అన్న సైకిలుకు అతుకు పెట్టిన చేయి ఎవరిదో నాకు తెలియదు. ఆ చేతికి ఒక్క మాట అడ్డుపడి ఉంటే చాలు.

ఇక గద్వాల దుకాణంలో జరిగింది చెప్పి ముగిస్తాను. ఆ నీలిరంగు సైకిలు కిందిగొట్టం అడుగున, మెడకు అంగుళం వెనుక, రంగు సన్నగా ముడతపడి ఉంది. ముందు ఫోర్కు వేలెడంత వెనక్కి వాలింది. నేను ఆ ముడతను ఆమెచేత తడిమించాను. తరువాత దుకాణదారుచేత తడిమించాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. “నేను గూడ జూడలే సారూ” అన్నాడు. అబద్ధమని నేననుకోను. ఆయనా ఎవరి దగ్గరో “సైకిలే గదా” అనుకొని కొన్నవాడే.

మూలన రంగువెలిసిన మరొక సైకిలుంది, బుట్టా లేదు, కుచ్చులూ లేవు. చట్రం, ఫోర్కు, చక్రాలు నిక్షేపంగా ఉన్నాయి. దాన్ని పదిహేనువందలకు బేరం చేశాం. మిగిలిన డబ్బులో బ్రేకు రబ్బర్లు, తీగలు, గొలుసు, వెనుక ఎర్ర ప్రతిఫలకం వేయించాం. నీళ్ళు పోసి బ్రేకు చూడాలంటే దుకాణదారే చెంబు తెచ్చి పోశాడు. పిల్లకు మొదట నీలిరంగుది పోయిందని దిగులు. ఇప్పుడు రోజూ గేటు దాటేముందు రెండు బ్రేకులూ నొక్కి చూసుకొని పోతోంది.

మా అన్న ఇప్పుడు ఊళ్ళోనే సేద్యం చేసుకుంటున్నాడు. ఆ రాత్రి ఫోనులో ఈ సంగతి చెప్పాను. ధర అడగలేదు, కంపెనీ అడగలేదు. “ఫోర్కు ఇప్పిచ్చి చూసినవా?” అన్నాడు.

“చూసిన” అన్నాను.